తీర్మానం అయ్యేదాకా ప్రణాళిక కాదు



ఏటా ఈ సంచికలో జమాఖర్చుల పట్టిక చూపిస్తాము. ఈసారి దానితో పాటు ఒక పాఠం కూడా మీ ముందు పెడుతున్నాము. మీ డబ్బుతో చేసిన ఒక పని మాకు నేర్పిన పాఠమిది. అందులో మా పొరపాటు కూడా ఉంది కనుక దాచకుండా చెప్పడం మా బాధ్యత.

కొన్నేళ్ల క్రితం షాద్‌నగర్ చుట్టుపక్కల ఒక ఊళ్లో ఖబరస్తాన్‌కు ప్రహరీ గోడ కావాలని అక్కడి పెద్దలు అడిగారు. పశువులు తిరుగుతున్నాయి, వానాకాలం సమాధుల మీదుగా మురుగు పారుతోంది. దాతలు ముందుకొచ్చారు. జకాత్ సొమ్ము ముట్టుకోకుండా సాధారణ విరాళాల నుంచే ఖర్చు పెట్టాము. ఇటుక దిగింది, ఇసుక దిగింది, గోడ నడుము ఎత్తుకు లేచింది. అప్పుడు పక్క పొలం ఆయన వచ్చి "ఈ మూల నాది" అన్నాడు. ఊరి పెద్దలను అడిగితే, "అభ్యంతరం లేదని అప్పుడే చెప్పాం కదా" అన్నారు. చెప్పిన మాట నిజమే. కానీ అది ఎక్కడా రాసి లేదు. సర్వేయర్ కొలత లేదు, పంచాయతీ తీర్మానం లేదు. పొలం ఆయన చేతిలో పాస్‌బుక్ ఉంది, మా చేతిలో మాట మాత్రమే ఉంది. పని ఆగింది. సిమెంటు బస్తాలు వానకు గడ్డకట్టాయి. ఆ మురుగు మరో రెండు వానాకాలాలు అలాగే పారింది.

తప్పు పొలం ఆయనది కాదు. గోడ కావాలన్న కోరిక ఊరందరిదీ. దాన్ని ఊరి ప్రణాళికగా మార్చే పని మాత్రం ఎవరమూ చేయలేదు. కోరికకూ ప్రణాళికకూ మధ్య ఉన్న ఆ దూరం గురించే ఈ వ్యాసం.

మన ప్రాంతం మారిన తీరు

2008 మార్చిలో శంషాబాద్ విమానాశ్రయం మొదలైంది. అదే సంవత్సరం హుడా, విమానాశ్రయ ప్రాంత అభివృద్ధి కోసం ఏర్పాటైన హాడా వంటి సంస్థలను కలిపి హెచ్‌ఎండీఏ ఏర్పడింది. 44వ నంబరు జాతీయ రహదారి వెంట కొత్తూరు, నందిగామ, షాద్‌నగర్ దాకా ఫ్యాక్టరీలు, గోదాములు, వెంచర్లు వరుసకట్టాయి. 2016 అక్టోబరులో జిల్లాల పునర్విభజనతో షాద్‌నగర్ మహబూబ్‌నగర్ జిల్లా నుంచి రంగారెడ్డి జిల్లాలోకి వచ్చింది. ఇప్పుడు ప్రాంతీయ వలయ రహదారి దక్షిణ భాగం కూడా ఇటువైపే రావాలన్న ప్రతిపాదన ఉంది. ఒకప్పుడు ఎకరాల్లో మాట్లాడుకున్న భూమిని ఇవాళ గజాల్లో మాట్లాడుకుంటున్నాము.

ఇందులో పేదవాడి ఇంటికి తగిలే విషయం ఒకటుంది. ఊరి ఉమ్మడి స్థలాలు, అంటే చెరువు శిఖం, బండ్ల బాట, ఖబరస్తాన్, ఈద్‌గాహ్, బొందలగడ్డ, పశువుల మేత బీడు వంటివి చాలాచోట్ల నోటి మాట మీదే నిలిచాయి. ఫలానా చింతచెట్టు నుంచి ఫలానా బండ దాకా అని అందరికీ తెలుసు. పక్క పొలం అమ్ముడుపోతే కొత్త యజమానికి ఆ చింతచెట్టు తెలియదు. ఆయన ఎక్కడో ఉంటాడు, ఆయనకు తెలిసింది కాగితమే. తెలిసిన ముసలివాళ్లు ఒక్కొక్కరూ వెళ్లిపోతున్నారు. మన కోసం మనం రాసుకోకపోతే, మన స్థలాల మీద వేరేవాళ్లు గీసుకున్న గీతలే మిగులుతాయి.

మష్వరా, ఆపైన రాత

సంప్రదింపు మనకు కొత్త కాదు. దివ్య ఖుర్ఆన్‌లో 42వ సూరా పేరే షూరా, అంటే సంప్రదింపు. మస్జిద్ కమిటీ అయినా పెళ్లి విషయమైనా మష్వరా చేయకుండా ముందుకు పోము. అయితే మష్వరా అయ్యాక ఏం చేయాలన్న రెండో భాగాన్ని తరచు మరచిపోతాము. ఖుర్ఆన్‌లో అన్నిటికంటే పొడవైన ఆయత్, అల్ బఖరా సూరాలోని 282వ ఆయత్, దేని గురించో గుర్తు చేసుకోండి. అప్పు ఇచ్చి పుచ్చుకునేటప్పుడు రాసుకోవడం గురించి, సాక్షులను పెట్టుకోవడం గురించి. చిన్నదైనా పెద్దదైనా రాసుకోవడానికి బద్ధకించవద్దన్న హితవు అందులో ఉంది. ఇద్దరి మధ్య అప్పుకే ఇంత జాగ్రత్త చెప్పినప్పుడు, వందలాది కుటుంబాల ఉమ్మడి వ్యవహారానికి, దాతల అమానత్‌కు ఎంత జాగ్రత్త అవసరమో వేరే చెప్పాలా?

రెండు ఆగస్టు 17లు

జనమే కూర్చుని ప్రణాళిక వేసుకోవడం మన దేశంలో పెద్ద ఎత్తున జరిగింది కేరళలో. 1996 ఆగస్టు 17న అక్కడ ప్రజా ప్రణాళికా ఉద్యమం మొదలైంది. రాష్ట్ర ప్రణాళికా నిధుల్లో 35 నుంచి 40 శాతం దాకా స్థానిక సంస్థలకు ఇస్తామని ప్రభుత్వం ముందే ప్రకటించింది. అయితే డబ్బు చేతికి రావాలంటే వరుసగా కొన్ని మెట్లు ఎక్కాలి. మొదట గ్రామసభలో అవసరాలు చెప్పుకోవాలి. తర్వాత ఊరి పరిస్థితి మీద నివేదిక తయారు చేయాలి. దాన్ని అభివృద్ధి సదస్సులో చర్చించాలి. కార్యదళాలు ఒక్కో పనికీ అంచనాలు రాయాలి. పంచాయతీ ఆమోదించాలి. చివరికి జిల్లా ప్రణాళికా కమిటీ ముద్ర పడాలి. అక్కడ ఒక చిక్కు వచ్చింది. ఊళ్లు తయారు చేసిన అంచనాల్లో సాంకేతిక లోపాలు బయటపడ్డాయి. వాటిని సరిదిద్దడానికి పదవీ విరమణ చేసిన ఇంజనీర్లు, డాక్టర్లు, అధ్యాపకులు స్వచ్ఛందంగా ముందుకొచ్చి సాంకేతిక దళంగా ఏర్పడ్డారు. వాళ్లు ఇచ్చిన విరాళం డబ్బు కాదు, తమ విద్య, తమ సమయం. దాతలు గమనించవలసిన విషయమిది.

సరిగ్గా 19 ఏళ్ల తర్వాత, 2015 ఆగస్టు 17న, తెలంగాణ ప్రభుత్వం గ్రామజ్యోతి కార్యక్రమాన్ని వరంగల్ జిల్లా గీసుగొండ మండలంలోని గంగదేవిపల్లిలో ప్రారంభించింది. ఆ ఊరినే ఎంచుకోవడానికి కారణం ఉంది. అక్కడ తాగునీరు, పారిశుద్ధ్యం, మద్యనిషేధం, పొదుపు ఇలా ఒక్కో పనికి ఒక్కో కమిటీ ఏర్పడి, ఊరి జనమే బాధ్యతలు పంచుకున్నారు. 2007లో నిర్మల్ గ్రామ పురస్కారం కూడా ఆ ఊరికి వచ్చింది. బయటి స్వచ్ఛంద సంస్థలు కూడా అక్కడ సాయం చేశాయి. ఆ సాయం నిలబడటానికి కారణం, దాన్ని అందుకుని నడిపే కమిటీ ఊళ్లో ముందే ఉండటం.

చట్టం మనకిచ్చిన తలుపు

73వ రాజ్యాంగ సవరణ 1993 ఏప్రిల్ 24 నుంచి అమల్లోకి వచ్చింది. రాజ్యాంగంలోని 243జి అధికరణ ప్రకారం ఆర్థికాభివృద్ధి, సామాజిక న్యాయం కోసం ప్రణాళికలు వేసుకునే అధికారాన్ని రాష్ట్రాలు పంచాయతీలకు ఇవ్వవచ్చు. 11వ షెడ్యూలులో 29 అంశాలు ఉన్నాయి: తాగునీరు, రోడ్లు, పారిశుద్ధ్యం, ప్రాథమిక విద్య, ఉమ్మడి ఆస్తుల నిర్వహణ వంటివి. మనం ఊళ్లో అడిగేవన్నీ దాదాపు ఇందులోనే వస్తాయి.

తెలంగాణలో 2018 పంచాయతీరాజ్ చట్టం వచ్చింది. ఆ ఏడాది ఆగస్టు నుంచి చాలా తండాలు, శివారు గ్రామాలు కొత్త పంచాయతీలయ్యాయి. గ్రామసభ రెండు నెలలకు ఒకసారి జరగాలని ఆ చట్టం చెబుతోంది. కోరం కూడా నిర్ణయించింది. ఓటర్లు 500 లోపు ఉంటే 50 మంది, 501 నుంచి 1,000 దాకా ఉంటే 75 మంది, 1,001 నుంచి 3,000 దాకా ఉంటే 150 మంది రావాలి. మూడు వేలు దాటిన ఊళ్లకు ఆ సంఖ్య ఇంకా పెరుగుతుంది.

గ్రామ పంచాయతీ అభివృద్ధి ప్రణాళిక, అంటే జీపీడీపీ, ఏటా తయారవుతుంది. 2018 నుంచి దేశమంతటా అక్టోబరు 2న ప్రజా ప్రణాళికా ప్రచారం మొదలుపెట్టి, రానున్న ఏప్రిల్‌లో మొదలయ్యే ఆర్థిక సంవత్సరానికి ప్రణాళిక సిద్ధం చేస్తున్నారు. గ్రామసభ ఆమోదం పొందిన ప్రణాళికను ఈ-గ్రామ్‌స్వరాజ్ అనే పోర్టల్‌లో ఎక్కిస్తారు. 2020 ఏప్రిల్‌లో మొదలైన ఆ పోర్టల్‌లో ఏ ఊరి ప్రణాళికనైనా ఎవరైనా సెల్‌ఫోన్‌లో చూడవచ్చు.

డబ్బు ఎలా నడుస్తుందో కూడా తెలిసి ఉండాలి. 15వ ఆర్థిక సంఘం 2021-26 కాలానికి గ్రామీణ స్థానిక సంస్థల నిధుల్లో 60 శాతాన్ని ప్రత్యేక పనులకు కట్టివేసింది. అందులో సగం పారిశుద్ధ్యానికి, సగం తాగునీరు, వాననీటి నిల్వ వంటి వాటికి. మిగిలిన 40 శాతాన్ని ఆ కాలంలో ఊరి అవసరాన్ని బట్టి వాడుకునే వీలుండేది, జీతాలకు మాత్రం వాడకూడదన్న నియమం ఉండేది. ఉదాహరణకు ఆ లెక్కన ఒక పంచాయతీకి 10 లక్షలు వస్తే, 3 లక్షలు పారిశుద్ధ్యానికి, 3 లక్షలు నీటికి, 4 లక్షలు ఊరి ఎంపికకు. ఇది తెలియక మనం అన్ని కోరికలనూ ఆ 4 లక్షల మీదే కుమ్మరించాము. ఖబరస్తాన్ పక్కన మురుగు సమస్యను "గోడ" అని అడిగితే 40 శాతంలో పోటీ పడాల్సి వచ్చేది. "మురుగునీటి నిర్వహణ" కింద కాలువ అని అడిగితే పారిశుద్ధ్యపు వాటాలో చోటు దొరికే అవకాశం ఉండేది. మేము గోడ కడుతూ కూర్చున్న ఊళ్లో అసలు కావలసింది ముందు కాలువ. ఈ సంగతి మాకు ఆలస్యంగా అర్థమైంది.

ఏడు మెట్లు

ఆ తర్వాత ఆ ఊళ్లోనూ ఇతర చోట్లా మేము పాటిస్తున్న వరుస ఇది. ప్రతి మెట్టు దగ్గరా ఎక్కడ జారిపోతామో కూడా రాస్తున్నాము.

మొదటిది, ఇల్లిల్లూ తిరగడం. సభ పెడితే మాట్లాడేవాళ్లే మాట్లాడతారు. కూలికి పోయేవాళ్లు, కంపెనీ షిఫ్టుకు పోయే పిల్లలు, పరదా పాటించే ఆడవాళ్లు, ఉర్దూ తప్ప రాని వృద్ధులు రారు. వాళ్ల ఇంటికి మనం పోవాలి. ఆడవాళ్లతో ఆడవాళ్లే మాట్లాడాలి. నీళ్ల కోసం ఎంతసేపు నిలబడాలో, రాత్రిపూట ఏ సందులో వీధిదీపం లేదో వాళ్లకు తెలిసినంతగా ఏ పెద్దమనిషికీ తెలియదు.

రెండోది, కోరికల జాబితాను అవసరాల వరుసగా మార్చడం. ఒక ఊళ్లో ముప్పై, నలభై కోరికలు వస్తాయి. అన్నీ రాసి పంపితే ఏదీ కాదు. దేని వల్ల ఎక్కువ ఇళ్లకు మేలు, దేన్ని ఆపితే ఎక్కువ హాని అన్న రెండు ప్రశ్నలతో వరుస పెట్టాలి. మన కోరిక నాలుగో స్థానానికి దిగవలసి వస్తే దిగాలి.

మూడోది, అందరి పని చేసుకోవడం. "మా ఖబరస్తాన్‌కు బాట" అని ఒక్కరమే అడిగితే అది ఒక వాడ కోరిక. హరిజనవాడ శ్మశానానికీ, ఊరి వైకుంఠధామానికీ, ఖబరస్తాన్‌కూ ముగ్గురివీ బాటలు కలిపి "చివరి మజిలీ బాటలు" అని ఒకే పనిగా పెట్టినప్పుడు గ్రామసభలో ఎవరూ కాదనలేదు. ఇది ఎత్తుగడగా చెప్పడం లేదు. పొరుగువాడి హక్కు గురించి మనకు నేర్పిన బోధే ఇది. వానకు బురదలో మయ్యత్‌ను మోసే కష్టం, పాడెను మోసే కష్టం రెండూ ఒకటే.

నాలుగోది, స్థలం, కొలత, అంచనా. మండల సర్వేయర్‌తో హద్దులు కొలిపించాలి, చుట్టుపక్కల రైతులను నిలబెట్టి వాళ్ల ఎదుటే రాళ్లు పాతాలి. పంచాయతీరాజ్ ఇంజనీరు అంచనా తీసుకోవాలి. మేస్త్రీ నోటి లెక్కను ప్రణాళికలో పెట్టవద్దు.

ఐదోది, ఎవరి పని ఎవరిదో మూడు వరుసల్లో విడగొట్టడం: పంచాయతీ తన నిధులతో చేసేవి, శాఖలకు పంపవలసినవి, దాతలు భరించేవి. కరెంటు స్తంభం పంచాయతీ వేయలేదు, బడి గది దాతలు ఒక్కరే కట్టలేరు. ఈ విభజన లేకపోతే అందరూ అందరి వైపు చూస్తూ కూర్చుంటారు.

ఆరోది, గ్రామసభ తీర్మానం. ఎజెండాలో ముందుగా అంశం చేర్పించాలి. "ఇతర అంశములు" కింద చివరి నిమిషంలో లేవనెత్తినదానికి బలం ఉండదు. కోరం లెక్కపెట్టి సంతకాలు, వేలిముద్రలు పుస్తకంలో పడేలా చూడాలి. తీర్మానం రాశాక అక్కడే గట్టిగా చదివించాలి. ఉర్దూ మాట్లాడేవాళ్లుంటే అర్థం చెప్పించాలి. మేము నమూనాగా పెట్టుకున్న పాఠం ఇది:

"గ్రామంలోని నాలుగవ వార్డులో మూడు శ్మశాన వాటికల బాటలకు ఆనుకుని మురుగు కాలువ నిర్మించుటకు, సర్వే హద్దుల పటము మరియు ఇంజనీరు అంచనా ప్రకారము అగు వ్యయములో కొంత భాగము ఆర్థిక సంఘము పారిశుద్ధ్య నిధుల నుండి, మిగిలినది దాతల విరాళము నుండి భరించుటకు, ఈ పనిని రానున్న ఆర్థిక సంవత్సరపు గ్రామ పంచాయతీ అభివృద్ధి ప్రణాళికలో చేర్చుటకు, పూర్తి అయిన పిదప నిర్వహణ బాధ్యత పంచాయతీ వహించుటకు గ్రామసభ ఏకగ్రీవముగా తీర్మానించడమైనది."

ఈ నాలుగు వరుసల్లో ఐదు ప్రశ్నలకు జవాబుంది: ఏ పని, ఎక్కడ, ఎంతకు, ఎవరి డబ్బుతో, తర్వాత ఎవరు చూసుకోవాలి. చివరి ప్రశ్న ముఖ్యం. దాతలు వేయించిన ఎన్నో బోర్లు మోటారు కాలిపోయాక ఎవరిదీ కాకుండా పోయాయి.

ఏడోది, ఎక్కిందో లేదో చూసుకోవడం. తీర్మానపు నకలు తీసుకోవాలి. పోర్టల్‌లో ఆ పని అదే పేరుతో, అదే చోటుతో కనబడుతోందో లేదో చూడాలి. ఒకసారి "నాలుగవ వార్డు" బదులు "మూడవ వార్డు" అని పడింది. అది దిద్దించడానికి మూడు నెలలు పట్టింది. చూసుకోకపోయి ఉంటే కాలువ మరో వీధిలో తవ్వేవారు, అదీ చట్టప్రకారమే.

మాట ఇచ్చినవాళ్లు మారిపోతారు

2024 ఫిబ్రవరి మొదట్లో రాష్ట్రంలోని గ్రామ పంచాయతీల పాలకవర్గాల గడువు ముగిసింది. ప్రత్యేకాధికారులు వచ్చారు. చాలా ఊళ్లలో మాట ఇచ్చిన సర్పంచ్ మాజీ అయ్యాడు. ఆయన మంచివాడే, మాట మీద నిలబడేవాడే. కానీ సంతకం పెట్టే చేయి మారింది. 2025 జనవరి చివర్లో చాలా మున్సిపాలిటీల్లోనూ ఇదే జరిగింది. ఆ రోజుల్లో మేము ఊరూరా తిరిగి గమనించాము. నోటి హామీ మీద ఉన్న పనులు మళ్లీ మొదటికి వచ్చాయి. పుస్తకంలో తీర్మానంగా ఉన్నవి ఆలస్యమైనా బతికి ఉన్నాయి, ఎందుకంటే కొత్తగా వచ్చిన అధికారి ముందు పెట్టడానికి ఒక కాగితం ఉంది.

అడగని ప్రణాళిక ఏమవుతుంది

జనం లేకుండా తయారైన ప్రణాళిక సంగతి కామారెడ్డి చెబుతుంది. 2022 చివర్లో అక్కడి మున్సిపాలిటీ ముసాయిదా మాస్టర్ ప్లాన్ బయటికొచ్చింది. చుట్టుపక్కల గ్రామాల రైతులు తమ సాగుభూములు పారిశ్రామిక జోన్‌లో పడ్డాయని తెలుసుకుని కదిలారు. అభ్యంతరాలు రాసి ఇచ్చారు, కలెక్టరేట్ ముందు ఆందోళన చేశారు. 2023 జనవరి 20న పురపాలక మండలి ఆ ముసాయిదాను రద్దు చేయాలని తీర్మానించింది. అదే నెలలో జగిత్యాలలో కూడా మాస్టర్ ప్లాన్‌ను వెనక్కి తీసుకున్నారు.

దీని నుంచి రెండు విషయాలు నేర్చుకోవచ్చు. ఒకటి, ముసాయిదా అంటేనే ఇంకా మార్చడానికి వీలున్నది. అభ్యంతరాలు, సూచనలు ఇవ్వడానికి గడువు ఉంటుంది. ఆ గడువులో రాతపూర్వకంగా ఇచ్చి రసీదు తీసుకున్న దరఖాస్తుకు విలువ ఉంది. టీ కొట్టు దగ్గర వెళ్లగక్కిన కోపానికి లేదు. రెండు, అంత పెద్ద ఆందోళన కూడా చివరికి వచ్చి ఆగింది ఒక తీర్మానం దగ్గరే. మన విమానాశ్రయ ప్రాంతంలో మ్యాపులు తరచు మారుతుంటాయి. మన ఖబరస్తాన్, మన చెరువు, మన బాట ఆ మ్యాపులో ఏ రంగులో ఉన్నాయో ఊరికి ఇద్దరు యువకులైనా చదవడం నేర్చుకోవాలి.

పట్టణంలో ఉన్నవాళ్లకు

షాద్‌నగర్ పట్టణంలోని దాతలు "మాకు గ్రామసభ లేదు కదా" అంటారు. 2019 తెలంగాణ మున్సిపాలిటీల చట్టం ప్రతి వార్డుకూ నాలుగు కమిటీలు ఇచ్చింది: యువజనులది, మహిళలది, వయోవృద్ధులది, ప్రముఖ పౌరులది. ఒక్కో దానిలో 15 మంది, అంటే వార్డుకు 60 మంది. మన వార్డులో ఆ 60 మంది ఎవరో మనలో ఎందరికి తెలుసు? పల్లెల్లో కూడా పంచాయతీలో ముగ్గురు కో-ఆప్షన్ సభ్యులకు 2018 చట్టం చోటిచ్చింది. వాళ్లలో ఒకరు వయోవృద్ధుడు లేదా విశ్రాంత ఉద్యోగి, ఒకరు మహిళా సంఘాల గ్రామ సమాఖ్య అధ్యక్షురాలు, ఒకరు ఊరి అభివృద్ధికి విరాళమిచ్చిన దాత. దాతకు చట్టమే కుర్చీ వేసింది. ఆ కుర్చీ ఎక్కువగా ఖాళీగానో, పేరుకో ఉంటోంది.

దాతలను మేము కోరేది

ఇప్పటిదాకా మేము మిమ్మల్ని అడిగినవి కంటికి కనబడేవి: గోడ, బోరు, గది. వాటి మీద పలక పెట్టవచ్చు, ఫోటో తీయవచ్చు. సర్వే ఫీజు మీద పలక పెట్టలేము. ఇల్లిల్లూ తిరిగిన ఇద్దరు అమ్మాయిల బస్సు చార్జీల ఫోటో తీయలేము. నకళ్ల కోసం ఆఫీసు చుట్టూ తిరిగిన రోజులకు ప్రారంభోత్సవం ఉండదు. అయినా పని నిలబడేదీ పడిపోయేదీ అక్కడే. సదఖా జారియా అంటే మనిషి పోయాక కూడా పారుతూ ఉండే పుణ్యం. పారాలంటే దానికి కాలువ కావాలి, ఆ కాలువ కాగితం మీద మొదలవుతుంది.

అందుకని ఇక మీదట మూడు నియమాలు పెట్టుకున్నాము. తీర్మానం లేని నిర్మాణ పనికి విరాళం విడుదల చేయము. ప్రతి పని ఖర్చులో కొంత భాగం తయారీకి, అంటే కొలతకు, అంచనాకు, ఇంటింటి పరామర్శకు కేటాయిస్తాము. పని పూర్తయ్యాక దాన్ని పంచాయతీ ఆస్తుల రిజిస్టరులో ఎక్కించి, ఆ పేజీ నకలును దాతకు పంపుతాము. మీలో విశ్రాంత ఇంజనీర్లు, తహసీల్దార్ ఆఫీసులో పనిచేసినవాళ్లు, అంచనాలు చదవగలవాళ్లు ఉంటే నెలకు ఒక రోజు ఇవ్వండి. కేరళలో అలా ఇచ్చిన సమయమే లెక్క మార్చింది.

తొందరగా డబ్బు ఖర్చు చేయాలన్న దాతకు ఈ పద్ధతి విసుగు పుట్టించవచ్చు. "పేదవాడు నీళ్లు లేక ఏడుస్తుంటే మీరు కాగితాలు రాస్తారా" అని ఒక సోదరుడు మమ్మల్ని నిలదీశారు. ఆయన బాధ న్యాయమైనది. తాగునీరు, మందులు, దఫన్ ఖర్చు వంటి అత్యవసరాలకు ఏ తీర్మానం కోసమూ ఎదురు చూడము, చూడకూడదు. భూమి మీద నిలిచే పనికి మాత్రం ఒక రుతువు ఆగడం నయం. ఆగకుండా కట్టి రెండు వానాకాలాలు పోగొట్టుకున్నది మేమే.

ఆ గోడ ఇప్పుడు

మొదట చెప్పిన ఆ ఖబరస్తాన్‌కు మళ్లీ వస్తాము. సర్వేయర్ వచ్చి కొలిచాడు. ఒక మూలలో పొలం ఆయన చెప్పిందే నిజమైంది, రెండు గజాలు మేము లోపలికి జరిగాము. ఇంకో మూలలో ఖబరస్తాన్ స్థలం పొలంలో కలిసి ఉంది, ఆయన వదిలాడు. రాళ్లు పాతిన రోజు పంచనామా మీద మొదటి సంతకం ఆయనదే. గ్రామసభలో కాలువ తీర్మానమయ్యాక, అది తవ్విన తర్వాతే గోడ మిగతా ఎత్తు లేచింది. మొన్న వానాకాలంలో నీళ్లు సమాధుల మీదికి రాలేదు.

చర్చ కోసం కొన్ని ప్రశ్నలు

మీ ఊళ్లో లేదా వార్డులో చివరి సభ ఎప్పుడు జరిగింది? ఎవరెవరు వెళ్లారు?

మీ విరాళంతో జరిగిన పని పంచాయతీ లేదా మున్సిపల్ ఆస్తుల రిజిస్టరులో ఉందా?

మీ ఖబరస్తాన్, ఈద్‌గాహ్, చెరువు హద్దుల పటం ఎవరి దగ్గర ఉంది? ఆ మనిషి లేకపోతే ఎక్కడ దొరుకుతుంది?

మీ పొరుగు వాడల అవసరాల్లో మీ అవసరంతో కలిపి అడగదగినది ఏది?

ఇంటికి పోయి కుటుంబంతో, మస్జిద్‌లో పెద్దలతో, ఊళ్లో పొరుగువారితో ఈ ప్రశ్నల మీద మష్వరా చేయండి. చేసి వదిలేయకండి, రాసుకోండి. మీరిచ్చిన అమానత్‌ను సరిగా మోసే బుద్ధి అల్లాహ్ మాకు ప్రసాదించాలని దుఆ చేయండి.